ల్యాడరా, లైన్ల పరుగా, పట్టుకునే ఆటా: పిల్లల వేగానికి ఏది మేలు?

బాస్కెట్‌బాల్ నేర్చుకునే పిల్లల్లో వేగం పెంచాలనగానే కోచ్‌లకు వెంటనే గుర్తొచ్చేవి మూడు: నిచ్చెనలా గళ్లుగళ్లుగా నేల మీద పరిచే అజిలిటీ ల్యాడర్, కోర్టు గీతల మధ్య అటూ ఇటూ పెట్టించే పరుగు, వరుసగా నిలిపిన కోన్లు. ఒకరినొకరు తరిమి పట్టుకునే ఆట శిక్షణలా కనిపించదు కనుక, సమయం మిగిలితే చివర్లో ఆడిస్తారు. నా తీర్పు ముందే చెబుతాను. పది నుంచి పదిహేనేళ్ల పిల్లలకు ప్రాధాన్యంలో ఆ ఆటే ముందుండాలి; దానికి తోడు తగినంత విశ్రాంతినిస్తూ పరుగెత్తించే పది మీటర్ల స్ప్రింట్ ఉండాలి. మిగిలినవి వీటి తర్వాతే.

అందరికీ బాగా అలవాటైన లైన్ల పరుగుతో మొదలుపెడదాం. అంతర్జాతీయ కొలతల కోర్టు పొడవు 28 మీటర్లు. బుట్ట వెనకుండే చివరి గీత, అంటే బేస్‌లైన్ నుంచి దగ్గరి ఫ్రీ త్రో లైన్ 5.8 మీటర్లు, మధ్య గీత 14, అవతలి ఫ్రీ త్రో లైన్ 22.2, అవతలి బేస్‌లైన్ 28. ఒక్కొక్క గీతనూ తాకి మళ్లీ మొదటికి రావాలంటే మొత్తం 140 మీటర్లు, ఏడు మలుపులు. పిల్లలకు అర నిమిషం పైనే పడుతుంది. అర నిమిషం పాటు ఎవరూ పూర్తి వేగంతో పరుగెత్తలేరు. రెండో గీత దాటేసరికే పిల్లవాడు వేగాన్ని సాధన చేయడం మాని, ఓపికను కూడగట్టుకోవడం మొదలుపెడతాడు. చివరి మలుపుల్లో చూడండి: నడుము నిటారుగా లేచిపోతుంది, మోకాలు లోపలికి వంగుతుంది, అడుగు జారుతుంది. అలసిన కాలు నేర్చుకునేది ఆ తప్పుడు మలుపునే. దమ్ము పెరగడానికి ఈ పరుగు పనికొస్తుంది, కాదనను. కానీ చిన్న కోర్టులో ముగ్గురేసి ఆడుకుంటే అదే దమ్ము బంతితో సహా వస్తుంది. ఓడినందుకు శిక్షగా దీన్ని పెట్టే అలవాటైతే నాకు అసలు గిట్టదు; పరుగంటే దండన అని పిల్లల మనసులో ఒకసారి పడితే దాన్ని తీయడం కష్టం.

దీనికి ఎదురుగా పది మీటర్ల స్ప్రింట్‌ను పెట్టి చూడండి. కోర్టు మీద నేరుగా సాగే పరుగులు చాలావరకు పొట్టివి. మొదటి మూడు నాలుగు అడుగుల్లోనే ఎవరు ముందో తేలిపోతుంది. కాబట్టి సాధన కూడా అక్కడే జరగాలి. ఆరు నుంచి ఎనిమిది పరుగులు, ప్రతి పది మీటర్లకు సుమారు ఒక నిమిషం విశ్రాంతి. పిల్లలు పెద్దవాళ్లకంటే త్వరగా తేరుకుంటారు కాబట్టి, ఊపిరి కుదుటపడి కాళ్లు తహతహలాడుతుంటే కాస్త తగ్గించినా నష్టం లేదు. ఈ పద్ధతికున్న పెద్ద చిక్కు శరీరానికి సంబంధించింది కాదు, చూసేవారికి సంబంధించింది. పిల్లలు పరుగెత్తేది రెండు సెకన్లు, నిలబడేది నిమిషం. గట్టు మీద కూర్చున్న తల్లిదండ్రులకు ఇది సోమరితనంలా కనిపిస్తుంది. ఆ చూపులకు తట్టుకోలేక విశ్రాంతిని సగానికి కోసిన రోజులు నాకూ ఉన్నాయి. అలా కోసినప్పుడల్లా స్ప్రింట్ కాస్తా లైన్ల పరుగుగా మారిపోయింది.

ఒక హెచ్చరిక. పది మీటర్లను చేతి గడియారంతో కొలిచి, పిల్లవాడు మెరుగయ్యాడని సంబరపడకండి. బొటనవేలు ఆలస్యంగా నొక్కిన తేడాయే నెలల సాధనతో వచ్చే మెరుగుదలకంటే ఎక్కువ కావచ్చు. ఇద్దరిని పక్కపక్కన పరుగెత్తించండి, లేదా ఫోనులో వీడియో తీసి నిదానంగా చూడండి.

ఇక ల్యాడర్. నేను కొన్నాను, ఏళ్ల తరబడి పరిచాను. చూడముచ్చటగా ఉంటుంది, పది మంది ఒకేసారి కదులుతారు, రెండు వారాల్లో పిల్లల పాదాలు గళ్లలో టకటకలాడతాయి. అయితే వాళ్లు మెరుగయ్యింది ల్యాడర్‌లోనే. వేగం పెరగాలంటే కాలు నేలను గట్టిగా వెనక్కి నెట్టాలి. గళ్లలో పడే అడుగులు నేలను తాకి వెంటనే లేచిపోతాయి, నెట్టవు. పైగా తల వంచి పాదాలను చూసుకోవాలి. కోర్టులో తల వంచిన ఆటగాడి పక్కనుంచి బంతి వెళ్లిపోతుంది. ఎనిమిది, తొమ్మిదేళ్ల వారికి లయ కుదరడానికి వార్మప్‌లో ఐదు నిమిషాలు చాలు.

కోన్ల సంగతి వేరు. వాటిని తేలిగ్గా తీసిపారేయలేను, ఎందుకంటే ఆగడం నేర్పేవి అవే. వేగంగా వస్తూ అడుగులు చిన్నవి చేయడం, తుంటిని కిందికి దించడం, మోకాలు పాదం దిశలోనే ఉంచడం: ఇవన్నీ ముందే తెలిసిన మలుపు దగ్గర, నెమ్మదిగా నేర్వాల్సినవి. సరిగా ఆగలేనివాళ్లు మోకాలికి ముప్పు తెచ్చుకుంటారు. యుక్తవయసు ఆడపిల్లల్లో మోకాలి లిగమెంటు గాయాలు మగపిల్లలకంటే ఎక్కువ కనుక వారి విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం.

ఎవరికి ఏది కావాలో తేల్చడానికి 505 అనే పరీక్ష ఉంది. పది మీటర్లు పరుగెత్తి వచ్చాక గడియారం మొదలవుతుంది. మరో ఐదు మీటర్లు వెళ్లి, వెనక్కి తిరిగి, ఐదు మీటర్లు రావాలి. ఈ సమయంలోంచి నేరుగా పది మీటర్లు పరుగెత్తిన సమయాన్ని తీసేస్తే మలుపు ఖరీదు తేలుతుంది. ఉదాహరణకు ఇద్దరూ మలుపు పరుగును 2.8 సెకన్లలో ముగించారనుకుందాం. నేరు పరుగు ఒకరిది 2.0, మరొకరిది 2.3. మొదటివారికి మలుపు దగ్గర 0.8 పోతోంది, రెండోవారికి 0.5 మాత్రమే. మొదటివారికి కోన్లు, రెండోవారికి స్ప్రింట్. కొలిచే పరికరం సరైనది లేకపోతే మాత్రం ఈ లెక్క వద్దు.

అయినా కోన్ కదలదు, మోసం చేయదు. 2006లో షెపర్డ్, యంగ్ అనే పరిశోధకులు అజిలిటీకి ఇచ్చిన నిర్వచనంలో కీలకం ఇదే: ఏదో ఒక సంకేతానికి స్పందించి వేగాన్నో దిశనో మార్చడం. సంకేతం లేకపోతే అది దిశ మార్చడం మాత్రమే. పట్టుకునే ఆటలో సంకేతం ఎదుటి మనిషి తుంటి, భుజం, చూపు. డిఫెన్స్‌లో చదవాల్సినవీ అవే. అందుకే ఈల ఊదగానే తిరగడం కూడా నా దృష్టిలో సగం సాధనే; ఈల చెవికి వినిపిస్తుంది కానీ భుజం ఎటు వాలుతోందో చెప్పదు. ఐదు మీటర్ల చదరంలో ఇద్దరిని వదలండి. ఆరేడు సెకన్లు తప్పించుకోవాలి, లేదా ఎదుటివాడి కదలికను అద్దంలా అనుసరించాలి. తర్వాత ఒకరి చేతికి బంతి ఇవ్వండి.

దీనికీ లోపాలున్నాయి. చురుకైన పిల్లే ఎప్పుడూ గెలుస్తుంది, నెమ్మదైనవాడు మనసు విరిచేసుకుంటాడు. కాబట్టి జోడీలు సమ ఉజ్జీలుగా ఉండాలి. గెలుపు తొందరలో ఆగే తీరు చెడిపోతుంది, అది సరిదిద్దడానికే సాధన వరుసలో కోన్లు ముందు రావాలి. ఇంకొకటి: ఆడపిల్లలు సగటున పన్నెండేళ్లకు, మగపిల్లలు పద్నాలుగేళ్లకు వేగంగా ఎత్తు పెరుగుతారు. ఆ నెలల్లో నిన్నటి చురుకుదనం ఒక్కసారిగా తడబాటుగా మారవచ్చు. అది బద్ధకం కాదు. మోకాలి చిప్ప కింద నొప్పి అంటే మాత్రం గెంతులూ స్ప్రింట్లూ తగ్గించి వైద్యుడికి చూపించాలి.

ఇరవై నిమిషాలే దొరికితే నేను వేసే లెక్క ఇది: ఆగడం ఐదు, స్ప్రింట్ ఎనిమిది, పట్టుకునే ఆట ఏడు. అన్నీ వార్మప్ అయిన వెంటనే, కాళ్లు తాజాగా ఉన్నప్పుడే. నా ల్యాడర్ మాత్రం పారేయలేదు. ఆ చదరానికి ఒక వైపు హద్దుగా పరుస్తున్నాను.