1937 జెనిత్ కన్సోల్ రేడియో, దాన్ని బాగుచేసిన గరాజ్ సర్వీస్: నా రివ్యూ

ముందే చెప్పేస్తా, రేడియో కొన్న డబ్బుకి దాదాపు నాలుగింతలు బాగుచేయించడానికి అయింది. అయినా రేపు ఇంకోటి దొరికితే మళ్ళీ ఇదే పని చేస్తా. ఇక్కడ ఒహాయోలో, మేసన్, వెస్ట్ చెస్టర్ వైపు మనవాళ్ళు బోలెడంతమంది ఉన్నారు, ఎస్టేట్ సేల్స్‌కి (ఇంట్లో పాత సామాన్లన్నీ అమ్మేసేవి) వెళ్ళినప్పుడు ఈ బీరువా టైపు పాత రేడియోలు కనపడగానే "భలే ఉందే, హాల్లో పెడితే అదిరిపోద్ది" అని తెచ్చేసుకుని ఆ తర్వాత ఏం చేయాలో తెలీక నాకు ఫోన్ చేస్తున్నారు, అందుకని ఒకేసారి ఇక్కడ రాసి పడేస్తున్నా.

నాది 1937 జెనిత్. జెనిత్ అంటే షికాగో కంపెనీ, 1918లో ఇద్దరు కుర్రాళ్ళు మొదలుపెట్టారు, వాళ్ళ హామ్ రేడియో (సరదాకి సొంతంగా నడుపుకునేది) స్టేషన్ కాల్ సైన్, అంటే గుర్తు పేరు, 9జెడ్ఎన్, దాన్నుంచే ఆ పేరు పుట్టింది. కన్సోల్ అంటే నేల మీద నిలబెట్టేది, నాకు నడుము పైదాకా వస్తుంది, ముందు వాల్‌నట్ వెనీరు, పైన పెద్ద నల్లటి గుండ్రని డయల్. జెనిత్ కొనేవాళ్ళలో సగం మంది ఆ డయల్ చూసే పడిపోతారు, అందులో తప్పేం లేదు, నేనూ అంతే. ఆ డయల్ మీద మామూలు స్టేషన్లతో పాటు పోలీస్, షిప్స్, అమెచ్యూర్, ఫారిన్ అని కూడా రాసి ఉంటుంది. మోడల్ నంబర్‌లో మొదట వచ్చే సంఖ్య ట్యూబులు (మనవైపు వాల్వులు అంటారు) ఎన్నో చెప్తుంది, నాది పది ట్యూబుల సెట్. కొనేటప్పుడు ఇది చూసుకోండి, ఐదారు ట్యూబుల కన్సోళ్ళు కూడా ఇంతే పెద్ద డబ్బాలో వస్తాయి, బయటికి తేడా తెలీదు, పాట పెట్టాక తెలుస్తుంది.

అమ్మినాయన ప్రకటనలో "పనిచేస్తుంది, కొంచెం హమ్ (గుయ్‌మనే మోత) వస్తుంది అంతే" అని రాశాడు. ఈ ముక్క మీరు ప్రతి ప్రకటనలో చూస్తారు, దాని అసలు అర్థం ఏంటంటే పవర్ సప్లైలో కరెంట్‌ని నిలకడ చేసే ఎలక్ట్రోలిటిక్ కపాసిటర్లు ఎండిపోయాయి, అలాగే ఇంకొన్నాళ్ళు వాడితే పవర్ ట్రాన్స్‌ఫార్మర్ కూడా పోతుంది అని. ట్రాన్స్‌ఫార్మర్ పోతే సరైనది వెతకడం పెద్ద తలనొప్పి, కొత్తది చుట్టించాలంటే రేడియో ధర దాటిపోతుంది. అందుకే "మీకు ఒకసారి ప్లగ్ పెట్టి చూపిస్తా" అన్నా వద్దన్నాను. వద్దంటే ఆయనకి నేను వింతగా కనపడ్డాను గానీ మీరు కూడా వద్దనండి, దశాబ్దాలు అటక మీద ఉన్నదాన్ని ఒక్కసారిగా 120 ఓల్టులకి తగిలించడం కంటే చెడ్డ పని ఇంకోటి లేదు. 150 డాలర్లకి వచ్చింది, ఇద్దరం కలిసి వ్యాన్‌లోకి ఎక్కించాం, బరువు మామూలుగా లేదు.

ఇక సర్వీస్ సంగతి. డేటన్ దగ్గర ఒక రిటైర్డ్ పెద్దాయన, ఇంటి గరాజ్‌లోనే చేస్తాడు, బోర్డు లేదు, వెబ్‌సైట్ లేదు. పేరు ఇక్కడ పెట్టను, ఆయనకి ఇప్పటికే క్యూ ఉంది, ఇంకా పెంచితే నా తర్వాత రేడియో వెనకబడిపోద్ది. ఆయన మొదట చేసిన పని నాకు బాగా నచ్చింది, క్యాబినెట్ వంక చూడను కూడా చూడలేదు, వెనకనుంచి ఛాసిస్ (లోపలి పార్టులు బిగించిన రేకు పెట్టె) లాగి తిరగేసి కింద భాగం నా ముందు పెట్టి "చూడు, నువ్వు డబ్బులిచ్చేది దీనికి" అన్నాడు. కింద ఉన్నవన్నీ మైనం పూసిన కాగితం కపాసిటర్లు, మైనం కారి దుమ్ము అంటుకుని నల్లగా ఉన్నాయి, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర రబ్బరు వైర్లు వేలు తగిలితే చాలు పొడి పొడిగా రాలుతున్నాయి. ఈ వైర్లతోనా అమ్మినాయన "పనిచేస్తుంది" అన్నది!

ఆ కాగితం కపాసిటర్ల గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే రిపేర్ బిల్లులో సగం వాటిదే. ఒక స్టేజీ నుంచి తర్వాతి స్టేజీకి పాట వెళ్ళాలి, డీసీ ఓల్టేజీ మాత్రం ఆగిపోవాలి, ఆ కాపలా పని వీటిది. ఇన్నేళ్ళకి కాగితం తేమ పీల్చుకుని డీసీని కూడా కొంచెం కొంచెం వదిలేస్తుంది, అది వెళ్ళి స్పీకర్‌ని నడిపే ఔట్‌పుట్ ట్యూబ్‌లో కరెంట్‌ని అదుపు చేసే గ్రిడ్ మీద కూర్చుంటే ట్యూబ్ లాగాల్సిన దానికన్నా ఎక్కువ కరెంట్ లాగుతుంది, లోపల ప్లేటు ఎర్రగా కాలుతుంది, ఆఖరికి ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ గోవిందా. ఇదంతా జరుగుతున్నా రేడియో పాడుతూనే ఉంటుంది కాబట్టి బయటికి తెలీదు. అందుకే వీటిని టెస్ట్ చేసి బాగున్నవి ఉంచడం అనే మాటే లేదు, అన్నీ పీకి 630 ఓల్టుల ఫిల్మ్ కపాసిటర్లు వేస్తారు. పీస్ ధర పెద్దగా ఉండదు, పోయేది పెద్దాయన టైమ్. మైకా కపాసిటర్లు మాత్రం ముట్టుకోలేదు, అవి చాలావరకు ఇంకా బాగానే ఉంటాయంట. రెసిస్టర్లు ఒక్కొక్కటి కొలిచి, విలువ 20 శాతం దాటి పెరిగినవి మార్చాడు. ఎలక్ట్రోలిటిక్‌ల పాత డబ్బాలు అందం కోసం పైన అలాగే ఉంచి, వాటి కనెక్షన్ తీసేసి కొత్తవి కింద దాచాడు, పైనుంచి చూస్తే 1937లో ఎలా ఉందో అలాగే ఉంది. కొత్త గుడ్డ అల్లిక పవర్ వైరు, దానికో ఫ్యూజు.

ట్యూబుల విషయం వింటే ఆశ్చర్యపోతారు. అందరూ ముందు అడిగేది "ట్యూబులు దొరుకుతాయా" అనే కదా, పదింటిలో ఒకటి కాబోలు మార్చింది. నిజంగా పాడయ్యేవి కపాసిటర్లు, నింద పడేది ట్యూబుల మీద. కొన్నిచోట్ల రిపేర్ అనగానే ట్యూబులన్నీ కొత్తవి వేసి పెద్ద బిల్లు చేతిలో పెడతారు, ఆ బిల్లు చూసి కపాసిటర్ల లైను ఉందో లేదో వెతకండి, లేకపోతే రేడియో వెనక్కి తెచ్చేసుకోండి. నాకు 6కె7, 6ఎఫ్6 లాంటి ట్యూబులు స్పేరు కావాలంటే ఇక్కడ దగ్గర్లోనే జీనియాలో మే నెలలో హామ్‌వెన్షన్, అంటే హామ్ రేడియో వాళ్ళ జాతర, జరుగుతుంది, అక్కడ ఫ్లీ మార్కెట్‌లో డబ్బాల కొద్దీ అమ్ముతారు. ఒక్క ఐ ట్యూబ్ మాత్రం వేరే కథ. స్టేషన్ సరిగ్గా పడితే పచ్చగా మారే కన్ను ఉంటుంది చూడండి, మామూలుగా అది 6ఇ5, జెనిత్ వాడు మాత్రం తనకోసం 6టి5 అని వేరేది పెట్టించుకున్నాడు, అది ఇప్పుడు బంగారం. నాది బాగా మసకబారింది, పగలు కనపడదు. కొత్తది వేయమంటావా అని అడిగి ధర చెప్పాడు, నేను వద్దులెండి అన్నా, చీకట్లో చూసుకుంటా.

స్పీకర్ 12 అంగుళాలది, ఇప్పటి స్పీకర్లలా లోపల అయస్కాంతం ఉండదు, పెద్ద తీగ చుట్ట ఉంటుంది, కరెంట్ పారితేనే అది అయస్కాంతం. పైగా ఆ చుట్టే పవర్ సప్లైలో హమ్ వడగట్టే చోక్‌గా కూడా పనిచేస్తుంది, ఒక దెబ్బకి రెండు పనులు. కాబట్టి స్పీకర్ ప్లగ్ తీసేసి రేడియో ఆన్ చేయకూడదు, ఇది గుర్తుపెట్టుకోండి. లోపల 250 ఓల్టుల పైన డీసీ తిరుగుతూ ఉంటుంది, వెనక చెయ్యి పెట్టి సరదా చేసే విషయం కాదు, పిల్లలున్న ఇంట్లో వెనక భాగం గోడ వైపుకే ఉండాలి.

క్యాబినెట్ నేను పెద్దగా చేయించలేదు. పైన కాఫీ మగ్గు మరక ఒకటి ఉంది, అలాగే ఉంది. పాలిష్ గీకి కొత్తది వేయిస్తే పాత లక్కర్ రంగుల షేడ్ పోతుంది, ఫోటోలో బాగుంటుంది గానీ విలువ తగ్గుతుంది. కొత్త గ్రిల్ క్లాత్ మాత్రం వేశాడు, పాత డిజైన్లవి ఇప్పటికీ నేసి అమ్మేవాళ్ళు ఉన్నారు.

సరే వినడం ఎలా ఉంది. ఆన్ చేస్తే అరనిమిషం దాకా నిశ్శబ్దం, తర్వాత మెల్లగా లేస్తుంది. మేము ఉండేది మేసన్, డబ్ల్యుఎల్‌డబ్ల్యు అనే రేడియో స్టేషన్ టవర్ మా ఊళ్ళోనే, డయల్ మీద 700 దగ్గరికి వస్తే అటూ ఇటూ కూడా అదే వినిపిస్తుంది. ఈ స్టేషన్‌ది మామూలు చరిత్ర కాదు, పావెల్ క్రాస్లీ అనే సిన్సినాటి రేడియో ఫ్యాక్టరీ ఓనరు పెట్టింది, 1934 నుంచి 1939 దాకా 5 లక్షల వాట్లతో నడిపారు, ఇప్పుడు అమెరికాలో ఏఎం స్టేషన్‌కి పెద్ద పరిమితి 50 వేల వాట్లే, ఆలోచించండి. నా రేడియో ఫ్యాక్టరీ నుంచి బయటికి వచ్చిన ఏడాదికి ఆ 5 లక్షలూ గాల్లో ఉన్నాయి. ఇప్పుడు అదే స్టేషన్‌లో సిన్సినాటి జట్టు రెడ్స్ బేస్‌బాల్ కామెంటరీ వస్తుంది, నాకు బేస్‌బాల్ రూల్సు సగమే తెలుసు, అయినా ఆ 12 అంగుళాల స్పీకర్లో ఆ గొంతు వింటుంటే టెస్ట్ మ్యాచ్ కామెంటరీ పెట్టుకుని పని చేసుకున్నట్టే ఉంటుంది.

అసలు మజా రాత్రి. పొద్దుగూకాక మీడియం వేవ్ తరంగాలు పైన అయనోస్పియర్ అనే గాలి పొరకి తగిలి కిందకి వస్తాయి కాబట్టి నాష్‌విల్ 650, అట్లాంటా 750, షికాగో 780, సెయింట్ లూయిస్ 1120 అన్నీ వచ్చేస్తాయి, మధ్యలో తగ్గుతూ పెరుగుతూ. షికాగో 720 మాత్రం మా 700 పక్కనే కావడంతో నలిగిపోతుంది, మీరు మేసన్‌కి దూరంగా ఉంటే మీకు బాగానే రావచ్చు. షార్ట్ వేవ్‌లో ఇప్పుడు పెద్దగా ఏం లేదు, హవానా వస్తుంది, చర్చి ప్రసంగాలు వస్తాయి, కొలరాడో నుంచి డబ్ల్యుడబ్ల్యువి టైమ్ సిగ్నల్ టిక్ టిక్‌మంటూ వస్తుంది, 5, 10, 15 మెగాహెర్ట్జ్ మీద, డయల్ కరెక్టుగా ఉందో లేదో చూసుకోడానికి అది చాలు.

మా నాన్న తెనాలి నుంచి వచ్చినప్పుడు దీని ముందు కుర్చీ వేసుకుని కూర్చునేవారు. వాళ్ళింట్లో మర్ఫీ వాల్వు సెట్ ఉండేదంట, పోస్టాఫీసులో ఏటా లైసెన్స్ కట్టి మరీ విజయవాడ స్టేషన్ వినేవాళ్ళంట. నాబ్ తిప్పుతూ "ఏరా, దీంట్లో సిలోన్ వస్తుందా" అని అడిగారు, "రాదు నాన్నా, ఇక్కడికి రాదు" అంటే "మరి ఇంత ఖర్చెందుకు పెట్టావురా" అన్నారు. జవాబు లేదు నా దగ్గర. తర్వాత నేనో చిన్న ఏఎం ట్రాన్స్‌మిటర్ కొన్నాను, 100 మిల్లీవాట్లు, 3 మీటర్ల యాంటెన్నా దాటకుండా ఉంటే లైసెన్స్ అక్కర్లేదు ఇక్కడ, ఫోన్ దానికి తగిలించి 50ల నాటి తెలుగు పాటలు పెడితే రేడియోలో వస్తాయి. ఆ మోనో రికార్డింగులు బ్లూటూత్ స్పీకర్లో పల్చగా కీచుమంటూ ఉంటాయి, ఇందులో మృదంగం, మగ గొంతు కింది స్థాయి నిండుగా పలుకుతాయి. కొత్త పాటలు పెట్టకండి, బాస్ ముద్ద ముద్దగా అయిపోతుంది, హై సౌండ్లు ఎటూ ఏఎంలో రావు.

ఇక నచ్చనివి. సర్వీస్ బాగా ఆలస్యం, ఇస్తానన్న సీజన్ దాటి ఇచ్చాడు, మధ్యలో ఫోన్ చేస్తే ఎత్తడు. బిల్లు కాగితం మీద చేత్తో రాసిచ్చాడు, క్యాష్ లేదా చెక్ మాత్రమే. కానీ పీకిన పాత పార్టులన్నీ కవర్లో పెట్టి ఇచ్చాడు, ఏది ఎక్కడ మార్చాడో కాగితం మీద గీసిచ్చాడు, ఆ ఒక్కదానికే నేను మార్కులు వేస్తా. రేడియో వైపు నుంచి చూస్తే ఇంట్లో ఎల్ఈడీ బల్బులు, ఫోన్ చార్జర్లు, డిమ్మర్లు అన్నీ దీనికి శత్రువులే, జుయ్‌మని గోల. మా హాల్లో డిమ్మర్ తీసేసి మామూలు స్విచ్ వేశాను, యాంటెన్నాగా అటక మీదుగా ఒక ముప్పై అడుగుల వైరు లాగాను, అప్పుడు కుదురుకుంది. కరెంట్ సుమారు 100 వాట్లు తింటుంది. ఇంకోటి, అప్పటి లైను ఓల్టేజీ ఇప్పటి కన్నా తక్కువ, మా ఇంట్లో ఒక్కోసారి 124 చూపిస్తుంది, అందుకని ఓల్టేజీ కొంచెం దించే చిన్న ట్రాన్స్‌ఫార్మర్ మధ్యలో పెట్టాడు పెద్దాయన, మీరు కూడా అడిగి పెట్టించుకోండి.

సర్వీస్‌కి 5కి 4, ఆ ఒకటి ఫోన్ ఎత్తనందుకు. రేడియోకి 5కి 5. హాల్లో షోకి మాత్రమే కావాలంటే ఇంత ఖర్చు అక్కర్లేదు, పనిచేయనిదే తక్కువకి తెచ్చి తుడిచి పెట్టుకోండి, కానీ దయచేసి ప్లగ్ కత్తిరించేయండి, ఎవరో ఒక చుట్టం వచ్చి పెట్టేస్తాడు. లోపలివి పీకేసి బ్లూటూత్ పెట్టాలనుకునేవాళ్ళు మాత్రం నాకు ఫోన్ చేయొద్దు. కొనేముందు ఇవి ఎలా ఉంటాయో చూడాలనుకుంటే వెస్ట్ చెస్టర్‌లో వాయిస్ ఆఫ్ అమెరికా మ్యూజియం ఉంది, మనవాళ్ళు వీకెండ్ క్రికెట్ ఆడే వీఓఏ పార్కు పక్కనే, పాత రేడియోలు వరసగా పెట్టారు, క్రాస్లీ సెట్లు కూడా చాలా ఉన్నాయి. మామూలుగా శని, ఆదివారం మధ్యాహ్నాలే తెరుస్తారు, టైమింగ్స్ చూసుకుని మ్యాచ్ అయ్యాక వెళ్ళండి.