వియత్నాం పొడవునా: రైలా, విమానమా?

అమలాపురంలో మా అరుగు మీద పటం పరచుకుని నాన్నగారూ నేనూ వారం రోజులుగా ఇదే చర్చ. వియత్నాం ఉత్తరం నుంచి దక్షిణానికి సుమారు 1,650 కిలోమీటర్లు. నడుము దగ్గర వెడల్పు మాత్రం 50 కిలోమీటర్లే.

విమానమైతే ఉత్తరాన హనోయి నుంచి దక్షిణాన హోచిమిన్ నగరానికి రెండు గంటల పైచిలుకు. సెలవు పది రోజులే ఉన్నవారికి అదే మేలు.

రైలు దారి 1,726 కిలోమీటర్లు. ముప్పై గంటలు దాటుతుంది. ఒక్క బిగిన వెళితే నడుములు పడిపోతాయి, నిజమే. కానీ హ్యూలో రెండు రాత్రులు, దనాంగ్‌లో రెండు రాత్రులు ఆగితే అలసటే ఉండదు. ఈ రెండు ఊళ్ల మధ్య రైలు హై వాన్ కొండను చుట్టుకుంటూ సముద్రం అంచునే సాగుతుంది. ఆ ప్రయాణం పగలే చేయాలి, ఎడమ కిటికీ పక్కనే కూర్చోవాలి. దీని కోసమే నా ఓటు రైలుకు. ఈ-వీసా 90 రోజుల వరకు ఇస్తారు కాబట్టి తొందరా లేదు.

అక్టోబరు, నవంబరు నెలల్లో మాత్రం విమానమే నయం: మనకు తుఫానుల భయం ఉండే ఆ రోజుల్లోనే అక్కడి మధ్య తీరాన్నీ వరదలు ముంచెత్తుతాయి. జనవరి, ఫిబ్రవరి నెలల్లో వచ్చే టెట్ పండుగ, అంటే వాళ్ల కొత్త సంవత్సరం రోజుల్లో రైలు టిక్కెట్లు దొరకడం కష్టం. అందుకే మార్చి అనుకున్నాం. హనోయిలో పలుచని స్వెట్టరు, దక్షిణాన ఎండకు గొడుగు సరిపోతాయి.

దక్షిణ కొసన ఉన్న మెకాంగ్ నది డెల్టాకు రైలు లేదు, బస్సే దిక్కు. అక్కడి బెన్ ట్రె కొబ్బరితోటలు, కాలువల్లో పడవలు చూడకుండా తిరిగి రానని నాన్నగారు ఇప్పుడే చెప్పేశారు.