జాగ్రత్త: ‘ఒక్కసారే వాడిన’ స్కూబా ఫుల్ సెట్ కొనేముందు ఇది చదవండి

స్కూబా డైవింగ్ తొలి కోర్సు పూర్తిచేసి ఓపెన్ వాటర్ కార్డు చేతికి రాగానే సొంత సామాను కొనుక్కోవాలనిపించడం సహజం. సరిగ్గా ఆ ఉత్సాహాన్ని చూసుకునే కొందరు అమ్ముతున్నారు. రెగ్యులేటర్ (సిలిండర్ గాలిని నోటికి అందించేది), బీసీడీ (నీటిలో తేలడాన్ని సరిచేసుకునే గాలి జాకెట్), డైవ్ కంప్యూటర్ (లోతు, సమయం చూపేది), సిలిండర్, కాళ్లకు తొడిగే ఫిన్స్ అన్నీ కలిపి ఫుల్ సెట్ అంటారు. కొత్తదాని ధరలో మూడో వంతుకే ఇస్తామంటారు. ‘ఒక్కసారే వాడాం, తర్వాత అటక మీద పెట్టేశాం’ అనే మాట ఎలాగూ ఉంటుంది. తీరా సర్వీస్ బెంచ్ మీద విప్పితే, కొన్న ధర కంటే బాగుచేయించే ఖర్చే ఎక్కువని తేలుతుంది. కొన్నిటిని అసలు బాగుచేయడమే కుదరదు. డబ్బు సంగతి అలా ఉంచండి. ఇవి 18 మీటర్ల లోతులో మీకు ఊపిరి అందించాల్సిన వస్తువులు.

ముందు ఆ అటక మాట సంగతి చూద్దాం. వాడకపోతే అరగదు కదా అనుకుంటాం. అరగదు, కానీ పాడవుతుంది. రెగ్యులేటర్‌లో నోట్లో పెట్టుకునే భాగాన్ని సెకండ్ స్టేజ్ అంటారు. అందులో గాలిని ఆపే చిన్న రబ్బరు సీటు ఉంటుంది. ప్రెషర్ లేనప్పుడు కూడా స్ప్రింగ్ దాన్ని లోహపు అంచుకేసి నొక్కుతూనే ఉంటుంది. ఏళ్ల తరబడి అలా ఉంటే సీటు మీద గుండ్రంగా గాడి పడి, గాలి తెరవగానే సన్నగా లీకవుతుంది. ఓ-రింగులు, అంటే గాలి లీకవకుండా ఆపే రబ్బరు ఉంగరాలు, ఎండి బిరుసెక్కుతాయి. మౌత్‌పీస్ కింద ఎగ్జాస్ట్ వాల్వ్ అంచు వంకర తిరుగుతుంది. మన ఊళ్ల ఎండకి, ఉక్కపోతకి ఇవన్నీ ఇంకా త్వరగా జరుగుతాయి.

సిలిండర్‌కి బిగించే భాగమైన ఫస్ట్ స్టేజ్ కథ వేరు. డస్ట్ క్యాప్ సరిగ్గా బిగించకుండా కడిగితే లోపలికి నీళ్లు పోతాయి, పోయినవి త్వరగా ఆరవు. పైన క్రోమ్ పూత తళతళలాడుతూనే ఉంటుంది, లోపల ఇత్తడికి చిలుము పడుతుంది. అందుకే ఫొటోలు చూసి రెగ్యులేటర్ కొనకండి. డస్ట్ క్యాప్ తీసి, గాలి లోపలికి వెళ్లే రంధ్రంలోకి టార్చి వేయండి. లోపల చిన్న బిళ్లలాంటి ఫిల్టర్ కనిపిస్తుంది. అది వెండి బూడిద రంగులో ఉండాలి. ఆకుపచ్చగా ఉంటే నీళ్లు చేరాయని అర్థం. ఎర్రటి పొడి ఉంటే అది ఏదో స్టీల్ సిలిండర్ లోపలి తుప్పు. నల్లటి మసి ఉంటే కంప్రెసర్ ఫిల్టర్‌లోని బొగ్గు పొడి వచ్చి ఉండొచ్చు. ఆకుపచ్చ రంగు కనిపిస్తే మాత్రం ధర తగ్గించమని బేరమాడకండి, అక్కడికక్కడే వదిలేయండి.

ఫిల్టర్ శుభ్రంగా ఉంటే తర్వాతి పరీక్షకు గాలి కూడా అక్కర్లేదు. ఫస్ట్ స్టేజ్ రంధ్రాన్ని బొటనవేలితో గట్టిగా మూసి, సెకండ్ స్టేజ్ నోట్లో పెట్టుకుని గాలి పీల్చండి. ఏమీ రాకూడదు, నోరు బిగుసుకుపోవాలి. కొంచెమైనా గాలి వస్తే డయాఫ్రమ్ (లోపలి పల్చటి రబ్బరు పొర) చిరిగిందో, ఎగ్జాస్ట్ వాల్వ్ మూసుకోవడం లేదో, మౌత్‌పీస్‌కి కన్నం పడిందో అయ్యుంటుంది. నీటిలో అదే దారిన నీళ్లు నోట్లోకి వస్తాయి.

అసలు పరీక్ష సిలిండర్ తగిలించాకే. దీన్ని డైవ్ సెంటర్‌లో చేయించండి. అమ్మేవాళ్లు అక్కడికి రామంటే ఆ బేరం మానుకోండి. ఫస్ట్ స్టేజ్ పని సిలిండర్‌లోని 200 బార్ ప్రెషర్‌ని దాదాపు 9 నుంచి 10 బార్లకు దించి హోస్‌లోకి పంపడం. బీసీడీ హోస్‌కి ఇంటర్మీడియట్ ప్రెషర్ గేజ్ తగిలిస్తే ఆ అంకె కనిపిస్తుంది. రెండుమూడుసార్లు పర్జ్ (సెకండ్ స్టేజ్ మీద గాలి వదిలే బటన్) నొక్కి వదిలాక ముల్లు ఠక్కున ఒకచోట ఆగి, ఐదు నిమిషాలైనా కదలకూడదు. మెల్లగా పైకి పాకుతోందంటే హై ప్రెషర్ సీటు పోయినట్టే. ఆ పెరిగే ప్రెషర్ సెకండ్ స్టేజ్‌ని తోసుకుని బయటికొస్తుంది, నీటిలో దాన్నే ఫ్రీ ఫ్లో అంటాం. అప్పుడు సిలిండర్ కళ్లముందే ఖాళీ అయిపోతుంది. ఇంకొకటి: రెగ్యులేటర్ నుంచి నాలుగు గుక్కలు పీలుస్తూ సిలిండర్ ప్రెషర్ గేజ్‌ని చూడండి. వాల్వ్ పూర్తిగా తెరిచి ఉన్నా ప్రతి గుక్కకీ ముల్లు కిందికి ఊగుతుంటే గాలి దారిలో ఎక్కడో అడ్డు ఉంది.

హోస్‌లు చూసేటప్పుడు చివర్లలోని రబ్బరు తొడుగులను వెనక్కి లాగి చూడండి, పగుళ్లు దాని కిందే దాక్కుంటాయి. దారం అల్లికలా ఉండే మెత్తటి హోస్‌లతో ఇంకా జాగ్రత్త. వాటిలో పాత రకాలకు లోపల పాలీయురేథేన్ పొర ఉంటుంది. వేడికి, తేమకి ఆ పొర విచ్ఛిన్నమై స్ఫటికాలుగా మారి గాలి దారినే మూసేస్తుంది. పైనుంచి చూస్తే హోస్ కొత్తదానిలాగే ఉంటుంది. వయసు తెలియని అల్లిక హోస్ దేన్నైనా మార్చేయండి, దాని దగ్గర పొదుపు వద్దు.

‘సర్వీస్ చేయించాం’ అంటే రసీదు అడగండి. సర్వీస్ అంటే విప్పి, శుభ్రం చేసి, ఆ మోడల్‌కి సంబంధించిన కిట్‌లోని ఓ-రింగులు, సీట్లు, ఫిల్టర్ మార్చి, ప్రెషర్ సరిచేయడం. చాలామంది టెక్నీషియన్లు తీసేసిన పాత భాగాలను కవర్లో వేసి తిరిగిస్తారు. మంచినీళ్లతో కడిగి తుడవడం సర్వీస్ కాదు. ఆ మోడల్‌కి కిట్ ఇప్పటికీ దొరుకుతుందో లేదో కూడా కొనకముందే టెక్నీషియన్‌ని అడగండి. డాకార్ లాంటి పాత అమెరికన్ బ్రాండ్ల రెగ్యులేటర్లు ఎంత గట్టివైనా, తయారీ ఆగిపోయి విడిభాగాలు దొరకడం కష్టం. చవగ్గా వచ్చినా ఏం లాభం?

ఇక సిలిండర్. ఒక్క మాటలో చెప్పాలంటే, బిగినర్లు సిలిండర్ కొనొద్దు. అండమాన్‌లోనైనా, గోవాలోనైనా, మన రుషికొండలోనైనా డైవ్ ఫీజులోనే నిండు సిలిండర్ ఇస్తారు. మన దేశంలో సిలిండర్లు 2016 గ్యాస్ సిలిండర్ రూల్స్ కిందికి వస్తాయి. నాగ్‌పూర్ కేంద్రంగా ఉన్న పెసో (పేలుడు పదార్థాలు, సిలిండర్ల భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) ఆమోదం లేని విదేశీ సిలిండర్‌ని తెచ్చుకుంటే దాన్ని నింపించుకోవడానికి దారి ఉండదు. అమెరికాలో ఉంటూ అక్కడే కొనే మనవాళ్లయితే సిలిండర్ భుజం మీది ముద్రలు చదవడం నేర్చుకోండి. నెల, టెస్ట్ చేసినవాళ్ల గుర్తు, ఏడాదిలోని చివరి రెండు అంకెలు వరుసగా ఉంటాయి. హైడ్రోస్టాటిక్ టెస్ట్ (నీటి ప్రెషర్‌తో బలం చూసే పరీక్ష) ఐదేళ్లకోసారి, లోపలి తనిఖీ ఏడాదికోసారి జరగాలి. మొదటి ముద్ర 1990కి ముందుదైతే ఆ అల్యూమినియం సిలిండర్‌ని ఉచితంగా ఇచ్చినా తీసుకోకండి. అప్పట్లో చాలావాటిని 6351 అనే మిశ్రమలోహంతో చేశారు. ప్రెషర్‌లో ఏళ్లు గడిచేకొద్దీ వాటి మెడ దగ్గర పగుళ్లు వస్తాయి, నింపుతుండగా పేలినవీ ఉన్నాయి. చాలా షాపులు వాటిని ముట్టుకోవు.

కొత్తగా నిగనిగలాడే పెయింట్ కొట్టిన సిలిండర్‌నీ నమ్మకండి. ముద్రలు, గుంతలు, తుప్పు మచ్చలు ఆ రంగు కిందకు పోతాయి. ఓవెన్‌లో వేడిచేసి రంగు వేసి ఉంటే అల్యూమినియం బలమే తగ్గిపోయి ఉండొచ్చు. వాల్వ్ విడిగా ఇస్తామంటే అది ఇంకా ప్రమాదం. అమెరికన్ ముప్పావు అంగుళం మరకీ, యూరప్ ఎం-25 మరకీ చూపుకి ఒకేలా ఉంటాయి. ఒకదానిలోకి ఇంకొకటి కొన్ని చుట్లు ఎక్కుతుంది కూడా. నింపేటప్పుడు ఆ వాల్వ్ తూటాలా ఎగిరిపోవచ్చు.

ఆన్‌లైన్‌లో దొరికే అరలీటరు బుల్లి సిలిండర్లూ, వాటితో ఇచ్చే చేతి పంపులూ కూడా కొత్తవాళ్లనే లక్ష్యంగా చేసుకున్నవి. లెక్క చూడండి: అర లీటరు, 200 బార్ అంటే 100 లీటర్ల గాలి. నిమ్మళంగా పీల్చినా నిమిషానికి 15 నుంచి 20 లీటర్లు పడుతుంది, అంటే ఒడ్డున ఐదారు నిమిషాలు. 10 మీటర్ల లోతులో అందులో సగమే. కంగారు పడితే ఇంకా తక్కువ. కోర్సు చేయనివాళ్లు ఆ గాలి పీల్చి ఊపిరి బిగబట్టి పైకొస్తే, మీటరున్నర లోతు నుంచైనా ఊపిరితిత్తులు చిట్లగలవు. ఈత కొలను లోతు చాలు. పిల్లలకు అసలే ఇవ్వకండి. ఎయిర్‌గన్‌లలో గాలి నింపే కంప్రెసర్‌తో వీటిని నింపుకోవడం మరీ ఘోరం, ఆ గాలిలో నూనె ఆవిరి, కార్బన్ మోనాక్సైడ్ ఉండొచ్చు.

డైవ్ కంప్యూటర్‌తో ఒక ఉపయోగం ఉంది: అమ్మేవాళ్ల మాట నిజమో కాదో అదే చెబుతుంది. చాలా మోడళ్లలో మెనూలో మొత్తం డైవ్‌ల సంఖ్య, గరిష్ఠ లోతు ఉంటాయి. ‘ఒక్కసారే’ అన్నచోట 140 కనిపిస్తే మిగతా సెట్ గురించి వేరే చెప్పక్కర్లేదు.

బీసీడీని వాడింది కొనొచ్చు, కానీ పరీక్షించాకే. ఎక్కువైన గాలిని వదిలే వాల్వ్ బుస్సుమనేదాకా నింపి, రాత్రంతా వదిలేయండి. పొద్దునకి మెత్తబడితే లీకు ఉంది. లోపల కాసిన్ని నీళ్లు పోసి, ఊపి, ఒక పళ్లెంలోకి వంపితే ఉప్పు రవ్వలు పడతాయేమో చూడండి. బీసీడీలోకి గాలి నింపే ఇన్‌ఫ్లేటర్ హోస్ తగిలించి బటన్ ముట్టుకోకుండా పది నిమిషాలు ఆగండి. దానంతట అదే ఉబ్బుతుంటే వద్దు. నీటి అడుగున అలా జరిగితే ఆపుకోలేనంత వేగంగా పైకి ఎగిరిపోతారు. ఫిన్స్, బూట్లకు ఇంత రాద్ధాంతం అక్కర్లేదు, సరిపోతే కొనేయండి. మాస్క్ మాత్రం కొత్తదే కొనండి. పట్టీ లేకుండా ముఖానికి ఆనించి ముక్కుతో కాస్త పీలిస్తే చేయి వదిలినా నిలవాలి.

ఇప్పటికే ఫుల్ సెట్ కొనేసినవాళ్లు దాంతో నీళ్లలోకి దిగకండి. రెగ్యులేటర్, బీసీడీ టెక్నీషియన్‌కి ఇవ్వండి. సిలిండర్‌లో గాలి ఉంటే ఆరుబయట నిలబెట్టి, వాల్వ్ కొద్దిగా తెరిచి నెమ్మదిగా ఖాళీ చేయండి. కారు డిక్కీలో, ఎండలో ఉంచకండి. వాల్వ్ తీసి, లోపల ప్రెషర్ లేదని ఎవరికైనా కనిపించేలా చేయించేదాకా పాత ఇనుముకి వేయొద్దు. గ్యాస్ కట్టర్ పట్టుకునే మనిషికి అందులో ఏముందో తెలియదు.