అమ్మ కోసం కొన్న పేషెంట్ ట్రాన్స్‌ఫర్ చైర్: వాడి చూశాక నా మాట

కొనాలా వద్దా అని చూస్తున్నవాళ్ళకి ముందే చెప్పేస్తున్నా, లేవలేని మనిషిని చేతులతో ఎత్తకుండా మంచం మీంచి బాత్రూమ్‌కి తీసుకెళ్ళే ఈ చైర్ మంచిదే, కొనొచ్చు. కానీ డబ్బు కట్టే ముందు టేపు పట్టుకుని మీ బాత్రూమ్ తలుపు వెడల్పు, మంచం కింద సందు కొలవండి. ఆ రెండూ కుదరకపోతే ఎంత ఖరీదైన చైరైనా మూలన పడి ఉంటుంది.

మాది కనిగిరి దగ్గర పల్లె. అమ్మకి ఫ్లోరోసిస్. ఇక్కడివాళ్ళకి ఆ జబ్బు గురించి చెప్పక్కర్లేదు, బయటివాళ్ళ కోసం రాస్తున్నా. తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. మా వైపు బోర్లలో చాలావాటిలో అంతకు మించే ఉంటుంది. ఆ నీళ్ళే ఏళ్ళ తరబడి తాగితే ఎముకల్లో పేరుకుపోయి కీళ్ళు, వెన్ను బిగుసుకుపోతాయి, ఆ తర్వాత ఏ మందు వేసినా మళ్ళీ మామూలు కావు. మన దేశంలో ఈ జబ్బు గురించి వైద్యులు మొదటిసారి రాసింది 1937లో, అదీ అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా పల్లెల్లో చూసి. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా మా కనిగిరి కూడా నెల్లూరు జిల్లాలోదే. అంత ముందే తెలిసిన జబ్బు, అయినా మా అమ్మ తరం కూడా ఆ నీళ్ళే తాగి పెరిగింది. తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

అమ్మకి నడుము వంగిపోయింది, మోకాళ్ళు చాపలేదు, నిలబడలేదు, ఒకరు పట్టుకుంటే మంచం అంచున కూర్చోగలదు. బాత్రూమ్‌కి తీసుకెళ్ళాలంటే చంకల కింద చేతులు పెట్టి లేపాలి, ఆ బిగుసుకున్న భుజాల దగ్గర పట్టి లేపితే ఆమెకి ప్రాణం పోయినంత నొప్పి, అయినా తన నొప్పి సంగతి అనదు, "మొయ్యబాకయ్యా, నీ నడుం పోద్ది" అంటుంది. నేను పొలానికి పోతే మా ఆవిడ ఒక్కతే లేపలేదు. అందుకని అమ్మ నీళ్ళు తాగడం తగ్గించేసి నేనొచ్చేదాకా బిగబట్టుకుని పడుకునేది. మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చాక డాక్టరు గుచ్చి గుచ్చి అడిగితే అప్పుడు చెప్పింది. ఇంట్లో వీల్‌చైర్ ఉంది, కానీ వీల్‌చైర్‌లోకి ఎక్కించడానికీ దించడానికీ ఎత్తాల్సిందే కదా, మా అసలు బాధే అది.

ఈ ట్రాన్స్‌ఫర్ చైర్ ఆ ఎత్తే పని తప్పిస్తుంది. దీని సీటూ వీపూ మధ్యకి రెండుగా ఉంటాయి, వెనక కొక్కెం తీస్తే తలుపు రెక్కల్లా రెండు పక్కలకీ తెరుచుకుంటాయి. అమ్మని మంచం అంచున కూర్చోబెట్టి, చైర్‌ని తెరిచి ఆమె మీదికి తోసుకెళ్తే చైర్ కాళ్ళు మంచం కిందికి పోతాయి, అప్పుడు సీటు రెక్కల్ని రెండు వైపుల నుంచీ తొడల కిందికి జరిపి వెనక కొక్కెం వేసి బెల్టు పెట్టేస్తాం. పక్కనున్న హ్యాండిల్ తిప్పుతుంటే సీటు మెల్లగా పైకి లేస్తుంది, మనిషి పరుపు మీంచి నాలుగు వేళ్ళ ఎత్తు లేచాక చైర్‌ని వెనక్కి లాగేయడమే. సీటు మధ్యలో ఖాళీ ఉంటుంది కాబట్టి నేరుగా కమోడ్ మీదికి తోసేయొచ్చు, లేదంటే కింద బేసిన్ పెట్టుకోవచ్చు, స్నానం కూడా అందులోనే. ఇప్పుడు మా ఆవిడ ఒక్కతే అమ్మని తీసుకెళ్ళి, స్నానం చేయించి, తెచ్చి పడుకోబెడుతుంది. నేను ఇంట్లో లేకపోయినా ఫరవాలేదు. కొడుకు చేత స్నానం చేయించుకోవాల్సిన పని తప్పినందుకు అమ్మ మనసు ఎంత కుదుటపడిందో మాటల్లో చెప్పలేను. నీళ్ళు కూడా అడిగి తాగుతోంది.

ఇక ఇబ్బందులు. మొదటిది వెడల్పు. అమ్మినవాళ్ళు ఫోన్‌లో చెప్పిన కొలత సీటుదట, చక్రాల బయటి అంచుల మధ్య కొలిస్తే దానికంటే బాగా ఎక్కువ వచ్చింది. అడిగితే సరిగ్గా సమాధానం లేదు. మా బాత్రూమ్ తలుపు పాతకాలంది, రెండడుగులే, చైర్ పట్టలేదు. మేస్త్రీని పిలిపించి గుమ్మం తీయించి రెండున్నర అడుగుల తలుపు పెట్టించాం. అందుకే మీరు బయటి వెడల్పు ఎంత అని గట్టిగా అడగండి, వీలైతే టేపు పెట్టిన ఫోటో పంపమనండి. బాక్సు మంచం ఉన్నవాళ్ళు అసలు కొనొద్దు, కింద సందు లేకపోతే చైర్ కాళ్ళు లోపలికి పోవు. మాది నవారు పట్టె మంచం కాబట్టి సరిపోయింది.

రెండోది చక్రాలు. ముందు చక్రాలు చిన్నవి, టైల్స్ మీద హాయిగా పోతాయి, మా ఇంట్లో కడప బండలు, వాటి సందుల్లో చక్రం దిగబడితే మనిషి ఒక్క కుదుపు ముందుకొస్తుంది. సందులన్నీ సిమెంటుతో పూడ్పించాం. గడప దగ్గరా అదే బాధ, అక్కడ వాలు కట్టించాం. ఎత్తు ఒక అంగుళానికి వాలు ఒక అడుగు పొడవుండాలి, ప్రభుత్వ భవనాల్లో ర్యాంపులకి పెట్టే లెక్క కూడా ఇదే, అంతకంటే నిటారుగా కట్టిస్తే తోసే మనిషికీ కష్టం, కూర్చున్న మనిషికీ భయం. వాలు మీద గచ్చు గరుకుగా వదిలేయమని మేస్త్రీకి చెప్పండి, నున్నగా చేస్తే తడికి జారుతుంది.

మూడోది నన్ను ఎక్కువ భయపెట్టింది. సీటు రెక్కలు రెండూ కలిసే చోట చర్మం నొక్కుకుంటుంది. పెద్దవాళ్ళ చర్మం పలచగా ఉంటుంది, చిన్న గాటు పడినా పుండు అవుతుంది. మా ఆవిడ పాత నూలు చీర మడత పెట్టి అక్కడ వేస్తుంది, రెక్కలు మూసేటప్పుడు ఒక చెయ్యి కింద పెట్టి చూసుకుంటుంది. దాంతోపాటు వచ్చిన మెత్తలు బాగా పలచన, వాటి మీద ఎక్కువసేపు కూర్చోబెట్టొద్దు. ఇది తీసుకెళ్ళడానికీ తీసుకురావడానికే, రోజంతా కూర్చోవడానికి కాదు.

ఇంకా చిన్నచిన్నవి ఉన్నాయి. బోల్టులకి మా నీళ్ళకి తుప్పు పట్టింది, స్టీలు బోల్టులు తెచ్చి మార్చేశాం, హ్యాండిల్ స్క్రూకి అప్పుడప్పుడూ గ్రీజు పెట్టాలి. పైకి లేపి ఉంచి దూరం తోయకండి, బరువంతా పైన ఉంటే చైర్ ఊగుతుంది, మంచం దాటగానే కిందికి దించేసి తోయండి. ఎక్కించేటప్పుడూ దించేటప్పుడూ చక్రాల బ్రేకులు నొక్కి ఉంచాలి. రిమోట్‌తో లేచే బ్యాటరీవి కూడా ఉన్నాయి, ఖరీదు ఎక్కువ, మా ఊళ్ళో కరెంటుకి హ్యాండిల్‌దే నయమనిపించింది. అసలు కూర్చోలేనివాళ్ళకి మాత్రం ఈ చైర్ పనికిరాదు, గుడ్డ ఊయలలో పడుకోబెట్టి లేపే లిఫ్ట్ చూసుకోండి.

మాది పాతిక వేల లోపే పడింది. కూలి చేసుకునే ఇంటికి అది చిన్న మాట కాదని నాకు తెలుసు. కొనే ముందు నెల్లూరులో దివ్యాంగుల కోసం కేంద్రం నడిపే సీఆర్‌సీకి వెళ్ళండి, మనిషిని చూసి ఏ పరికరం సరిపోతుందో చెప్తారు. వైకల్యం ఎంతో చెప్పే సదరం సర్టిఫికెట్, దివ్యాంగుల గుర్తింపు కార్డు యూడీఐడీ చేయించుకోకపోతే ముందు ఆ పని చూడండి. 60 ఏళ్ళు దాటిన పేదవాళ్ళకి క్యాంపులు పెట్టి ఇలాంటి సాయం పరికరాలు ఉచితంగా ఇచ్చే కేంద్రం వయోశ్రీ పథకం ఉంది, అది 2017 ఏప్రిల్ 1న మొదలైంది కూడా నెల్లూరులోనే. అమ్మ వీల్‌చైర్ అలాంటి క్యాంపులోనే వచ్చింది, ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి ఇప్పటికీ అదే వాడుతున్నాం, ఈ ట్రాన్స్‌ఫర్ చైర్ మట్టి రోడ్డు మీద నడవదు.

నేనైతే ఐదుకి నాలుగు ఇస్తాను. తగ్గించిన ఆ ఒకటీ సీటు నొక్కుడుకి, కొలత సరిగ్గా చెప్పనందుకు. మా తలుపు కొలతలు, వాలు ఎలా కట్టించామో ఫోటోలు కావాలంటే అడగండి, పెడతాను.