అడిస్ అబాబా నుంచి జాంజిబార్ దాకా: ఒకే పళ్లెం చుట్టూ

తూర్పు ఆఫ్రికా వెళ్తున్నామంటే మనవాళ్లు మొదట అడిగేది సింహాల గురించే. మేం సఫారీ జోలికి పోలేదు. ఇథియోపియా రాజధాని అడిస్ అబాబా, కెన్యా రాజధాని నైరోబీ, టాంజానియాలోని జాంజిబార్ దీవుల్లో మనుషులు ఎలా తింటారు, ఎలా పలకరించుకుంటారు, సాయంత్రాలు ఎక్కడ కూర్చుంటారు అన్నది చూడాలని బయల్దేరాం. దారిలో భాష, మతం, లిపి మారిపోయాయి. తిండినీ తీరికనూ నలుగురితో పంచుకునే పద్ధతి మాత్రం మారలేదు.

అడిస్ అబాబా 2,300 మీటర్లకు పైగా ఎత్తులో ఉంటుంది. మొదట్లో మెట్లెక్కితే ఆయాసం, రాత్రయితే స్వెట్టర్ తప్పదు. ఒక కుటుంబం నడిపే గెస్ట్‌హౌస్‌లో దిగాం. వేడినీళ్లు పొద్దున కాసేపే వస్తాయి, కరెంటు పోతుంటుంది. అయినా మళ్లీ వెళ్తే అక్కడే దిగుతాను. కారణం కాఫీ. ఇంటావిడ నేలమీద పచ్చగడ్డి పరిచి, సాంబ్రాణి వెలిగించి, పచ్చి గింజలు మా ముందే వేయించింది. పొగలు వస్తున్న పెనాన్ని వాసన చూడమని ఒక్కొక్కరి దగ్గరికీ తెచ్చింది. తర్వాత గింజలు దంచి, జెబెనా అనే మట్టి కూజాలో కాచి, చెవి లేని చిన్న కప్పుల్లో పోసింది. పక్కన పాప్‌కార్న్. అబోల్, తోనా, బరకా అని మూడు విడతలు ఇస్తారు. అదే పొడిలో మళ్లీ నీళ్లు పోసి కాస్తారు కాబట్టి మూడోది పలచగా ఉంటుంది. మొదటి కప్పు తాగి లేచిపోవడం మర్యాద కాదు. ఈలోగా ఇరుగుపొరుగు వచ్చి చేరతారు. భాష రాకపోయినా మమ్మల్ని ఎవరూ పక్కన పెట్టలేదు.

శాకాహారులకు ఇథియోపియాలో టెన్షన్ అక్కర్లేదు. ఆర్థడాక్స్ క్రైస్తవులు బుధ, శుక్రవారాల్లో మాంసం, పాలు, గుడ్లు ముట్టరు. 'బెయాయ్‌నేతు' అడిగితే టెఫ్ అనే చిరుధాన్యం పిండిని పులియబెట్టి పోసిన ఇంజెరా అనే అట్టు మీద పప్పులు, ఆకుకూర, క్యాబేజీ కుప్పలుగా వడ్డించి తెస్తారు. పళ్లెం ఒకటే, అందరి చేతులూ అందులోనే. ఇంటాయన ఒక పెద్ద ముద్ద చుట్టి నా నోటికి అందించాడు. దాన్ని గుర్షా అంటారు, ఆప్యాయతకు గుర్తు. కాదనకండి.

ఆఫ్రికన్ యూనియన్ కార్యాలయం ఈ ఊళ్లోనే ఉంది. ఫిబ్రవరిలో దేశాధినేతల సదస్సు జరిగే రోజుల్లో గదులు దొరకడం కష్టం, తేదీలు చూసుకుని వెళ్లండి.

నైరోబీలో కొద్దిసేపే ఆగాం. రంగులు, పాటలతో హోరెత్తే మటాటూ అనే ప్రయాణికుల వ్యాన్లలో ఒకసారైనా ఎక్కాలి, మధ్యాహ్నం చిన్న హోటల్లో చపాతీ, బీన్స్ కూర తినాలి. భారతదేశం నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు తెచ్చిన చపాతీ ఇప్పుడు కెన్యా ఇళ్లలో పండగ వంట. 2017లో కెన్యా ప్రభుత్వం అక్కడి ఆసియా మూలాల వారిని 44వ తెగగా గుర్తించింది.

బస్సు ఎక్కేవాళ్లకు ముఖ్యమైన మాట. ఇథియోపియాలోనూ, స్వాహిలీ మాట్లాడే చోట్లా గంటలు సూర్యోదయం నుంచి లెక్కపెడతారు. మన ఏడు వాళ్లకు ఒంటిగంట. టైము చెప్పినప్పుడు ఏ లెక్కన చెప్పారో అడిగి తీరాలి.

టాంజానియా రేవు నగరం దార్ ఎస్ సలామ్ నుంచి జాంజిబార్‌కు ఫెర్రీలో సుమారు రెండు గంటలు. టికెట్ కౌంటర్లోనే కొనండి, రేవు దగ్గర వెంటపడే దళారుల మాట వినకండి. అక్కడ ముందు బీచ్ రిసార్ట్‌లో దిగాం. సముద్రం అద్భుతం, గది శుభ్రం. కానీ గోడ లోపల అంతా విదేశీయులే, ఊరు గోడ బయటే ఉండిపోయింది. ఖర్చుకు తగ్గ అనుభవం కాదు. జాంజిబార్ పాతబస్తీ స్టోన్ టౌన్‌లో పాత ఇంటిని మార్చిన చిన్న హోటల్‌కు వచ్చాకే ప్రాణం లేచొచ్చింది. మెట్లు నిటారుగా ఉంటాయి, పెద్దవాళ్లుంటే కింది గదే అడగండి.

ఇక్కడ ఇళ్ల ముందు బరాజా అనే రాతి అరుగులుంటాయి, మన పల్లెల్లో పాత ఇళ్లకు ఉన్నట్టే. జాస్ కార్నర్ అనే కూడలిలో సాయంత్రం చిన్న కప్పుల్లో కాఫీ తాగుతూ, డొమినోలు ఆడుతూ మగవాళ్లు రాజకీయాలు మాట్లాడుకుంటారు. పెద్దలకు 'షికమో' అని నమస్కరిస్తే 'మరహబా' అని చోటిస్తారు. పలకరించకుండా ధర అడిగితే మొహం చిన్నబుచ్చుకుంటారు. ఫొరొదానీ రాత్రి బజారులో చేపలు, రొయ్యలు ధర ఎక్కువ, తాజాదనం మీద నాకు నమ్మకం కుదరలేదు. అల్లం, నిమ్మ కలిపిన చెరుకు రసం మాత్రం తాగండి. పుల్లటి పులుసులో బజ్జీలు, బంగాళాదుంపలు వేసిచ్చే ఉరోజో సందుల్లోని చిన్న దుకాణాల్లోనే బాగుంది.

1873లో మూతపడిన బానిసల సంత ఉన్న చోట ఇప్పుడు ఆంగ్లికన్ చర్చి ఉంది. ఆ వ్యాపారానికి అప్పులిచ్చినవాళ్లలో భారతీయ వర్తకులూ ఉన్నారు. మనం తప్పక చూడాల్సిన చోటు ఇది, గైడ్‌ను పెట్టుకోండి.

ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం పది రోజుల ముందే వేయించుకోండి. ఇథియోపియా నుంచి తిరిగొచ్చేటప్పుడు ఆ సర్టిఫికెట్ లేకపోతే మన విమానాశ్రయంలోనే క్వారంటైన్‌లో పెడతారు. జాంజిబార్‌కు 2024 అక్టోబర్ నుంచి 44 డాలర్ల ప్రయాణ బీమా తప్పనిసరి, మన దగ్గర తీసుకున్న పాలసీ ఉన్నా అది విడిగా కట్టాల్సిందే.