టూల్ 'లాటరలస్': 79 నిమిషాల్లో బంగారం ఎంత, తరుగు ఎంత

మెటల్ సంగీతం అంటే ఉత్త గోల అని పక్కన పెట్టేసినవాళ్ళకి, కాస్త తాళజ్ఞానం ఉంటే చాలు, ధైర్యంగా వినమని చెప్పగలిగే ఆల్బమ్ 'లాటరలస్'. అమెరికన్ ఆల్టర్నేటివ్ మెటల్ బ్యాండ్ టూల్ దీన్ని 2001 మే 15న విడుదల చేసింది. మొత్తం 13 ట్రాకులు, 78 నిమిషాల 51 సెకన్లు. సీడీ తయారుచేసేవాళ్ళు 79 నిమిషాల వరకే హామీ ఇస్తామంటే, ఆ హద్దు అంచు దాకా నింపేశారు. ఈ ఆల్బమ్ బలం, బలహీనత రెండూ అక్కడే మొదలవుతాయి. ఇందులో గొప్ప సంగీతం దాదాపు 70 నిమిషాలు ఉంది. మిగతాది లేకపోయినా నష్టం లేదు.

దీని ముందు ఆల్బమ్ 'ఈనిమా' 1996లో వచ్చింది. మధ్యలో ఐదేళ్ళ ఖాళీకి తమ రికార్డు కంపెనీ వాల్కనో రికార్డ్స్‌తో నడిచిన కోర్టు తగాదా ఒక కారణం. విడుదలకి ముందు పాటలు ఇంటర్నెట్‌లో లీకవుతాయన్న భయంతో బ్యాండ్ వేరే పేరుతో, వేరే పాటల పట్టికతో ఓ దొంగ ఆల్బమ్‌ని ప్రకటించింది కూడా. అసలుది వచ్చిన వారంలోనే అమెరికాలో 5,55,000 కాపీలు పైగా అమ్ముడై బిల్‌బోర్డ్ పట్టికలో మొదటి స్థానంలో కూర్చుంది. ఎక్కువ పాటలు రేడియోకి సరిపోనంత పొడవున్న ఆల్బమ్‌కి ఇది చిన్న విషయం కాదు.

ఇక అసలు సంగతి, లయ. పాశ్చాత్య సమీక్షకులు దీన్ని 'మ్యాథ్' (లెక్కలు) అని దాటేస్తారు. మృదంగం దగ్గరో, వీణ క్లాసులోనో తాళం వేసిన తెలుగువాళ్ళకి ఆ మాట అవసరం లేదు. మొదటి పాట 'ద గ్రడ్జ్' ఎక్కువ భాగం 5/4లో, అంటే ఐదేసి దెబ్బలుగా నడుస్తుంది. తకతకిట అనుకుంటూ వేళ్ళు లెక్కపెడితే మొదటి నిమిషంలోనే పట్టు దొరుకుతుంది. 'స్కిజమ్' ప్రధాన వరుసలో ఒక 5, ఒక 7 పక్కపక్కనే వస్తాయి. అంటే ఖండం (5), మిశ్రం (7) కలిపి 12. తకతకిట, తకిట తకధిమి అని నోటితో అంటూ వినండి. లోపలి ఒత్తులు మన చాపు తాళాల్లో పడే చోటే పడాలని లేదు గానీ, లెక్క మాత్రం చక్కగా కుదురుతుంది. ఈ పాటలో ఎక్కడ తప్పుతామంటే, 12 కదా అని ఆరేసి దెబ్బలుగా విడగొట్టినప్పుడు. 12 పూర్తయ్యే చోట బాగానే కలిసినట్టుంటుంది, మధ్యలో 7 మొదలయ్యే దగ్గర మాత్రం చేయి ఒకచోట, డ్రమ్ ఒకచోట ఉంటాయి. 5 దగ్గర ఆగి, మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టి 7 లెక్కపెట్టాలి. మధ్యలో వరుస మారే చోట్లు వస్తాయి. అక్కడ లెక్క వదిలేసి, బేస్ గిటార్ మొదటి స్వరం తిరిగి ఎప్పుడు పడుతుందో చూసి అందుకోవడమే మంచి పద్ధతి. 2002లో ఉత్తమ మెటల్ ప్రదర్శనకి గ్రామీ తెచ్చిన పాట ఇదే.

ఆల్బమ్ పేరు పెట్టుకున్న 'లాటరలస్' పాటలో కోరస్ 9, 8, 7గా దిగుతుంది. ఈ పాటకి మొదట అనుకున్న పేరు కూడా '9-8-7' అనే. క్రమంగా తగ్గుతూ వచ్చే ఈ అమరికని మనవాళ్ళు గోపుచ్ఛ యతి అంటారు. మూడూ కలిపితే 24, అంటే ఎనిమిది దెబ్బల ఆదితాళం మూడు ఆవృత్తాలు (చుట్లు). పాట నడుస్తుండగా చేత్తో మామూలు ఎనిమిది దెబ్బల తాళం వేస్తూ పోతే, మధ్యలో అంతా ఎదురుతిరిగినట్టు అనిపించి, 24 దగ్గర రెండూ కచ్చితంగా కలుస్తాయి. ఆ కలిసే క్షణం కోసమైనా ఈ పాట వినాలి. డ్రమ్మర్ డానీ కేరీ తబలా గురువు అలోక్ దత్తా దగ్గర నేర్చుకున్నవాడు. అతని వాయింపులో ఆ చదువు కనిపించేది వేగంలో కాదు. బేసి లెక్కలో ఎక్కడా తొందర లేకపోవడంలో కనిపిస్తుంది. చాలామంది రాక్ డ్రమ్మర్లు 7 వాయిస్తుంటే ఒక దెబ్బ మింగేసిన ఎనిమిదిలా వినిపిస్తుంది. కేరీ వాయిస్తే నిండైన ఏడుగా వినిపిస్తుంది.

ఈ పాట చరణంలో సిలబుల్స్ (పలికే అక్షరాలు) 1, 1, 2, 3, 5, 8గా పెరిగి మళ్ళీ దిగుతాయి. ఫిబొనాచీ సంఖ్యలు. లఘువులు, గురువులతో ఇన్ని మాత్రల పాదం ఎన్ని విధాలుగా కట్టవచ్చో లెక్కేస్తే వచ్చేవీ ఈ సంఖ్యలే. విరహాంకుడు, 12వ శతాబ్దంలో హేమచంద్రుడు ఛందశ్శాస్త్రంలో వీటిని చెప్పారు, ఫిబొనాచీ 1202లో రాయడానికి ముందే. ఛందస్సు చదివిన పాఠకులకి ఆ చరణం ఇంకాస్త దగ్గరగా అనిపిస్తుంది. కానీ దీని చుట్టూ అభిమానులు పెంచిన సిద్ధాంతాలన్నీ నమ్మక్కర్లేదు. ట్రాకుల క్రమాన్ని మార్చి, 'పారబోల్'తో మొదలుపెట్టి జంటలుగా పేర్చిన 'హోలీ గిఫ్ట్' అనే పట్టిక ఒకటి తిరుగుతుంటుంది. అలా వింటే ఒకదాన్నొకటి పట్టుకుని నడిచే చివరి మూడు పాటలు చెల్లాచెదురవుతాయి. అది వద్దు.

వాయిద్యాల పంపకం మామూలు మెటల్‌కి తలకిందులు. రాగం మోసేది ఎక్కువగా జస్టిన్ ఛాన్సలర్ బేస్ గిటార్. ఆడమ్ జోన్స్ గిటార్ దాని పక్కన గోడలా నిలబడుతుంది, లేదా కేవలం ఒక గరుకుతనాన్ని ఇచ్చి తప్పుకుంటుంది. గిటార్ సోలోలు, వేళ్ళ విన్యాసాలు కావాలనుకునేవాళ్ళు నిరాశపడతారు. ఎక్కువ పాటలు డ్రాప్ డి శ్రుతిలో ఉన్నాయి కాబట్టి గిటార్ నేర్చుకునేవాళ్ళకి వాయించడం అంత కష్టం కాదు. ఆరో తీగ ఒక్కటి ఒక పూర్తి స్వరం దించితే చాలు. కష్టమంతా కుడిచేతి లెక్కలోనే.

దగ్గరగా వినాల్సిన చోటు ఒకటి చెప్పమంటే, 'పారబోల్' ముగిసి 'పారబోలా' మొదలయ్యే అతుకు. మొదటిది మూడు నిమిషాల నాలుగు సెకన్లు. డ్రమ్స్ ముందుకు రావు, గిటార్ అక్కడక్కడ మీటినట్టుంటుంది, గాయకుడు మేనార్డ్ జేమ్స్ కీనన్ గొంతు జపంలా కింది స్థాయిలోనే ఉంటుంది. చివర్లో ఒక మంద్రస్వరం సాగుతూ ఉండగా, ఖాళీ లేకుండా రెండో పాట విరుచుకుపడుతుంది. నెమ్మదిగా అన్న మాటలే చాలావరకు ఇక్కడ గొంతెత్తి వస్తాయి. శరీరం ఉన్నందుకు కృతజ్ఞత చెప్పే పాట ఇది. మెటల్‌లో ఇంత నిజాయితీగా సంతోషం పలికిన చోట్లు తక్కువ. ఈ అతుకు చెడగొట్టడం మాత్రం చాలా సులువు. ప్లేయర్‌లో క్రాస్‌ఫేడ్ (ఒక పాట చివరని తర్వాతి పాట మొదలుతో కలిపేసే అమరిక) ఉంటే సున్నాకి పెట్టండి, షఫుల్ ఆపండి. పాటల మధ్య ఖాళీ పెట్టే పాత ఎంపీత్రీ ప్లేయర్లలో ఆ స్వరం తెగి, రెండో పాట దెబ్బ సగానికి సగం తగ్గుతుంది. పాటలన్నిటి శబ్దాన్ని ఒకే స్థాయికి తెచ్చే వాల్యూమ్ నార్మలైజేషన్ కూడా తీసేయండి. ఒక్కో ట్రాక్‌ని విడిగా సరిచేసే రకమైతే 'పారబోల్'ని పెంచి 'పారబోలా'ని తగ్గిస్తుంది. ఆ తేడానే కదా కావాల్సింది.

పేరు 'లాటరలస్'కి వచ్చింది గానీ, నా లెక్కలో ఈ ఆల్బమ్ శిఖరం 'డిస్పొజిషన్', 'రిఫ్లెక్షన్', 'ట్రయాడ్' వరుస. మూడూ కలిపి 24 నిమిషాల 39 సెకన్లు. మొదటి దాంట్లో తబలా ధ్వనులు, నాలుగు మాటలు, బోలెడంత గాలి. అది మెల్లగా 11 నిమిషాల 'రిఫ్లెక్షన్'లోకి జారుతుంది. ఇక్కడ కేరీ సింబల్స్ (లోహపు పళ్ళేలు) తగ్గించి గంభీరంగా మోగే టామ్ డ్రమ్స్ మీదే ఎక్కువసేపు ఉంటాడు. తీగ వాయిద్యాన్ని తలపించే సింథ్ వరుస ఒకటి పైన పాకుతుంది. చంద్రుడికి సొంత వెలుగు లేదు, 'నేను' అనుకునేదీ అంతే అన్నది పాట భావం. గొంతు రావడానికి చాలాసేపు పడుతుంది, ఆ నిరీక్షణ వృథా కాదు. 'ట్రయాడ్'లో మాటల్లేవు, అంతవరకు బిగబట్టిన బరువంతా అక్కడ వదిలేస్తారు.

ఇప్పుడు లోపాలు. మొదటిది, గొంతు. నిర్మాత డేవిడ్ బాట్రిల్, బ్యాండ్ కలిసి కీనన్ గొంతుని వాయిద్యాల్లో ఒకటిగా కలిపారు, పైన పెట్టలేదు. సంగీతపరంగా అది సరైన నిర్ణయమే కావచ్చు. కానీ మాటలు ఎన్నో చోట్ల మునిగిపోతాయి. ఇంగ్లీషు పాటల్ని చెవితో పట్టుకోవడానికి మామూలుగానే శ్రమపడే మన శ్రోతకి ఇది రెట్టింపు ఇబ్బంది. సీడీతో పాటు సాహిత్యం అచ్చు వేయరు, అది ఈ బ్యాండ్ అలవాటు. వెతికి ముందు పెట్టుకుని ఒకసారి చదివాక వినడం మేలు.

రెండోది, సాహిత్యంలో ఉపదేశం. పగ వదిలెయ్, అహం వదిలెయ్, ఎక్కువ ఆలోచించకు. 'ద గ్రడ్జ్', 'లాటరలస్', 'రిఫ్లెక్షన్' మూడూ ఇంచుమించు ఒకే మాట చెబుతాయి. 'ద గ్రడ్జ్'కి శనిగ్రహం తిరిగొచ్చే 29 ఏళ్ళ చక్రం ఆధారం కాబట్టి, ఏలినాటి శని గురించి విని పెరిగిన మనకి అది వెంటనే అందుతుంది. అక్కడ ఉపదేశానికి ఒంట్లోంచి వచ్చే బాధ తోడైంది. చివరి భాగంలో కీనన్ దాదాపు 25 సెకన్లు ఊపిరి తీయకుండా అరిచే అరుపు ఏ మాటా చెప్పలేనిది చెబుతుంది. 'లాటరలస్'లో మాత్రం మాటలు కాస్త గోడమీది సూక్తుల్లా ఉంటాయి. సంగీతం వాటిని కాపాడుతుంది.

మూడోది, 'టిక్స్ అండ్ లీచెస్'. ఏడు దెబ్బల డ్రమ్ ఆరంభం అద్భుతం. ఆపైన ఎనిమిది నిమిషాల్లో కోపానికి మెలికలు లేవు. మధ్యలో శబ్దం దాదాపు ఆగిపోయే భాగం ఉంది, అది ఎటూ తీసుకెళ్ళదు. గొంతు చించుకుని పాడాల్సిన పాట కావడంతో కచేరీల్లో దీన్ని అరుదుగానే వాయించారు. ముందున్న 'పారబోలా' నుంచి నేరుగా 'లాటరలస్'కి వెళ్ళి చూడండి, ఆల్బమ్ నడక మెరుగవుతుంది.

ఇక తరుగు. 'ఇయాన్ బ్లూ అపోకలిప్స్' ఒక నిమిషం గిటార్ ముక్క. జోన్స్ పెంచుకుని, ఎముక క్యాన్సర్‌తో పోయిన కుక్క పేరు మీద చేసింది. చిన్నదే, బావుంది, ఉండనివ్వొచ్చు. 'మంత్ర' కీనన్ తన పిల్లిని నొక్కితే వచ్చిన చప్పుడుని నెమ్మదించినది. తెలిశాక ఒకసారి వింటాం, అంతే. 'ట్రయాడ్' చివర్లో దాదాపు రెండు నిమిషాల నిశ్శబ్దం ఉంది. ఆ తర్వాత వచ్చే 'ఫాయిప్ దె ఓయాడ్' రెండు నిమిషాల 39 సెకన్ల రేడియో గరగర. 1997లో ఒక అమెరికన్ రేడియో కార్యక్రమానికి ఏరియా 51 అనే రహస్య సైనిక స్థావరంలో పనిచేశానంటూ ఫోన్ చేసిన మనిషి భయపు మాటలు, కింద డ్రమ్స్. రాత్రి చెవుల్లో ఇయర్‌ఫోన్స్‌తో నిద్రలోకి జారుకునేవాళ్ళని ఇది ఉలిక్కిపడేలా లేపుతుంది. 'ట్రయాడ్'లో సంగీతం ఆగగానే ఆపేసేయండి.

వినే పరికరం గురించి. ఫోన్ స్పీకర్ మీద ఈ ఆల్బమ్‌ని అంచనా వేయొద్దు. టామ్ డ్రమ్స్, బేస్ కింది స్థాయి రెండూ పోతాయి, అవి పోయాక 'రిఫ్లెక్షన్'లో మిగిలేది కొంచెమే. బస్సులో, మెట్రోలో అయితే నెమ్మది భాగాలు రొదలో కలిసిపోతాయి. వాటికోసం వాల్యూమ్ పెంచితే తర్వాతి విస్ఫోటనం చెవుల్ని బాధిస్తుంది. చెవుల్ని పూర్తిగా కప్పే హెడ్‌ఫోన్స్, నిశ్శబ్దమైన గది ఉండాలి. 'ద గ్రడ్జ్' గట్టిగా ఉండే చోట సౌకర్యంగా ఉండేలా వాల్యూమ్ పెట్టి, ఇక ముట్టుకోకండి.

2019 ఆగస్టు 2 దాకా టూల్ పాటలు స్ట్రీమింగ్‌లో లేవు, ఇప్పుడున్నాయి. అయినా సీడీ కొనదగ్గదే. అలెక్స్ గ్రే వేసిన బొమ్మలు పారదర్శకమైన పొరల మీద అచ్చువేశారు. ఒక్కో పొర తిప్పితే మనిషి దేహం లోపలికి, ఇంకా లోపలికి వెళ్తాం. మెదడు దగ్గర ఒక పదం దాగి ఉంది, ఏమిటో చెప్పను. సెకండ్‌హ్యాండ్‌లో కొనేటప్పుడు ఆ పొరలన్నీ ఉన్నాయా, అంటుకుపోయాయా చూసుకోండి. 2005లో వచ్చిన రెండు డిస్కుల పిక్చర్ ఎల్పీ (రికార్డు మీదే బొమ్మలున్నది) గోడకి బావుంటుంది. పిక్చర్ డిస్కుల్లో సాధారణంగా ఉపరితలం రొద ఎక్కువ, పైగా మూడుసార్లు లేచి తిప్పాలి. ఇలాంటి అతుకుల ఆల్బమ్‌కి అది సరిపడదు.

కొత్తగా వినేవాళ్ళు 13 ట్రాకులూ ఒకేసారి మీద వేసుకోవద్దు. మొదట 'స్కిజమ్' ఒక్కటే, 5, 7 చేతికి పట్టుబడే దాకా. తర్వాత 'పారబోల్', 'పారబోలా' కలిపి. ఆపైన 'ద గ్రడ్జ్', 'ద పేషెంట్'. 'ద పేషెంట్' తొందరగా నచ్చదు, ఓపిక గురించిన పాట కాబట్టి అలాగే కట్టారు. 'లాటరలస్' ఆ తర్వాత. చివరి మూడు పాటల వరుసకి మాత్రం వేరే ఒక రాత్రి, అరగంట ఖాళీ పెట్టుకోండి. మధ్యలో ఫోన్ వస్తే మళ్ళీ 'డిస్పొజిషన్' నుంచే మొదలుపెట్టాలి.