పీడీఎఫ్ నుంచి బొమ్మలు తీయడానికి ఏ సాఫ్ట్‌వేర్ మేలు?

పీడీఎఫ్ నుంచి బొమ్మలు తీసిపెడతామని చెప్పే సాఫ్ట్‌వేర్లు ఎన్నో ఉన్నా, అవన్నీ చేసే పని ఒకటి కాదు. కొన్ని పేజీ మొత్తాన్ని కొత్తగా ఒక బొమ్మగా గీసి జేపీజీగా ఇస్తాయి. మరికొన్ని ఫైలు లోపల నిక్షిప్తమై ఉన్న అసలు బొమ్మను ఉన్నది ఉన్నట్టుగా వెలికితీస్తాయి. స్మారక సంచికలు, ఆత్మకథలు, ఊరి చరిత్రలు అచ్చుకు సిద్ధం చేసే డీటీపీ కేంద్రాలకు ఈ తేడా ఎంతో ముఖ్యం. పాత ఫొటోలను వర్డ్ ఫైలులో అతికించి, దాన్ని పీడీఎఫ్ చేసి వాట్సాప్‌లో పంపడం రచయితలకు అలవాటైపోయింది. అసలు ఫొటో అడిగితే అది ఎవరి ఫోనులో ఉందో వారికే గుర్తుండదు. అందువల్ల చేతికి వచ్చిన పీడీఎఫ్ నుంచే, నాణ్యత ఏమాత్రం తగ్గకుండా, బొమ్మను రాబట్టుకోవలసి వస్తుంది. ఈ సమీక్షలో సాఫ్ట్‌వేర్లను తూచినది ఆ ఒక్క అవసరం దృష్ట్యానే.

అడోబీ సంస్థ 1993లో తెచ్చిన పీడీఎఫ్, 2008లో ఐఎస్ఓ 32000 పేరుతో అంతర్జాతీయ ప్రమాణమైంది. అందులో బొమ్మ సాధారణంగా అక్షరాలతో సంబంధం లేకుండా విడి వస్తువుగా ఉంటుంది; జేపీజీగా చేర్చిన ఫొటో చాలా సందర్భాల్లో జేపీజీ డేటాగానే లోపల మిగిలి ఉంటుంది. దాన్ని యథాతథంగా బయటికి తీసే వీలున్నప్పుడు స్క్రీన్‌షాట్‌తో సరిపెట్టుకోవడం నష్టదాయకం. 1920×1080 స్క్రీను మీద ఏ4 పేజీని పూర్తిగా కనిపించేటట్టు పెట్టి స్క్రీన్‌షాట్ తీస్తే, పేజీ నిలువునా అంగుళానికి సుమారు 92 పిక్సెళ్లకు మించి రావు. అచ్చుకు సాధారణంగా అడిగే 300 లెక్కన అదే పేజీకి 2480×3508 పిక్సెళ్లు కావాలి.

ఈ పనికి నా మొదటి ఓటు పీడీఎఫ్‌ఇమేజెస్‌కు (pdfimages). ఇది పాప్లర్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లో భాగం. లినక్స్‌లో పాప్లర్ యుటిల్స్ పేరుతో దొరుకుతుంది, మ్యాక్‌లో హోమ్‌బ్రూ అనే సాఫ్ట్‌వేర్ స్థాపక సాధనం ద్వారా పెట్టుకోవచ్చు. పాప్లర్‌కు మూలమైన ఎక్స్‌పీడీఎఫ్ పనిముట్లు విండోస్‌కు కూడా ఉన్నాయి గానీ, కింద చెప్పిన ఆప్షన్లు పాప్లర్ రూపానికి సంబంధించినవి. బటన్లూ మెనూలూ లేకుండా ఆజ్ఞ టైపు చేసి నడపవలసిన ప్రోగ్రాం కావడంతో మన డీటీపీ కేంద్రాల్లో చాలామంది దీని జోలికి పోరు. అది అనవసరపు భయం. ఆజ్ఞకు చేర్చవలసిన ఆప్షన్లు రెండే, వాటిని ఒక కాగితం మీద రాసి మానిటరుకు అంటించుకుంటే సరిపోతుంది.

మొదటిది లిస్ట్ (-list). ఇది ఏ బొమ్మనూ బయటికి తీయదు. ఏ పేజీలో ఏ బొమ్మ ఉంది, దాని వెడల్పు, ఎత్తు ఎన్ని పిక్సెళ్లు, రంగుల పద్ధతి తెరకు వాడే ఆర్‌జీబీనా అచ్చుకు వాడే సీఎంవైకేనా, ఏ విధంగా కుదించారు, పేజీ మీద వేసిన కొలతలో అంగుళానికి ఎన్ని పిక్సెళ్లు పడుతున్నాయి అన్నవన్నీ పట్టికగా చూపిస్తుంది. నా దృష్టిలో ఈ పట్టిక ఒక్కటే ఈ సాఫ్ట్‌వేర్‌ను ఎంచుకోవడానికి చాలినంత కారణం. ఫొటో వెడల్పు 600 పిక్సెళ్లే అని తెలిస్తే, 300 లెక్కన అది రెండు అంగుళాలకు మించి అచ్చుకు పనికిరాదని, ముఖచిత్రానికి వేరే ఫొటో వెతుక్కోవాలని రచయితకు అప్పుడే చెప్పేయవచ్చు. వర్డ్ ఫైలును దాచేటప్పుడే బొమ్మల సాంద్రత తగ్గిపోయి ఉండే అవకాశం ఉంది. అలా పోయిన వివరాన్ని ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేరూ తిరిగి తేలేదు.

రెండోది ఆల్ (-all). ఏ ఆప్షనూ ఇవ్వకపోతే పీడీఎఫ్‌ఇమేజెస్ బొమ్మలను పీపీఎం, పీబీఎం అనే భారీ ఫైళ్లుగా రాస్తుంది. వీటిని చూసి ఈ సాఫ్ట్‌వేర్ పనికిరాదని వదిలేసినవారు ఉన్నారు. ఆల్ అని ఇస్తే జేపీజీగా ఉన్నది జేపీజీగానే, జేపీజీ 2000గా (ఇది జేపీజీకి భిన్నమైన మరో కుదింపు పద్ధతి) ఉన్నది ఆ రూపంలోనే, మళ్లీ కుదింపు లేకుండా వస్తుంది. మిగతా బొమ్మలు చాలావరకు పీఎన్‌జీగా వస్తాయి. ఎన్నవ పేజీ నుంచి ఎన్నవ పేజీ దాకా అన్నది కూడా చెప్పవచ్చు.

దీనిలో ఒక లోపం ఉంది. వెనుక భాగం పారదర్శకంగా ఉండే లోగోలను పీడీఎఫ్ రెండు ముక్కలుగా దాస్తుంది: రంగుల బొమ్మ ఒకటి, ఎక్కడ కనిపించాలో ఎక్కడ కనిపించకూడదో చెప్పే నలుపు తెలుపు మాస్కు మరొకటి. పీడీఎఫ్‌ఇమేజెస్ వాటిని విడివిడిగానే ఇస్తుంది, కలిపే పని మనదే. లోగోలు ఎక్కువగా ఉన్న ఫైలైతే మ్యూపీడీఎఫ్ అనే మరో పీడీఎఫ్ సాఫ్ట్‌వేర్‌తో వచ్చే మ్యూటూల్ మేలు. దాని ఎక్స్‌ట్రాక్ట్ (extract) ఆజ్ఞలో ‘ఏ’ (-a) అనే ఆప్షన్ ఇస్తే మాస్కును బొమ్మలోనే కలిపి ఇస్తుంది. అయితే అది ఫాంట్లను కూడా బయటికి తీసి ఫోల్డరు నింపేస్తుంది, పైగా ఫైళ్లకు పేజీ సంఖ్యతో కాక లోపలి వస్తువు సంఖ్యతో పేర్లు పెడుతుంది. దానివల్ల ఏ బొమ్మ ఏ పేజీదో వెతుక్కోవడం విసుగు పుట్టిస్తుంది.

ఆజ్ఞలు టైపు చేయడం ఇష్టం లేనివారికి అడోబీ ఆక్రోబాట్ ప్రో ఉంది. ఎక్స్‌పోర్ట్‌లో అన్ని బొమ్మలనూ తీసే ఆప్షన్‌తో పాటు, ఫలానా కొలత కంటే చిన్నవాటిని వదిలేయమని చెప్పే సదుపాయం ఇందులో నిజంగా ఉపయోగకరం. గీతలు, చుక్కలు, అలంకారపు ముక్కలు రాకుండా ఆగిపోతాయి. జేపీజీ బదులు పీఎన్‌జీ గానీ టిఫ్ గానీ ఎంచుకుంటే మరోసారి కుదింపు నష్టం ఉండదు. ఉచితంగా దొరికే రీడర్‌లో ఈ సదుపాయం లేదు. పేజీలు కూర్చే ఇన్‌డిజైన్ కోసం అడోబీ పూర్తి చందా కట్టేవారికి ఆక్రోబాట్ ప్రో అందులోనే వస్తుంది కాబట్టి వేరే కొనక్కరలేదు. ఈ ఒక్క పని కోసం మాత్రం చందా కట్టమని నేను చెప్పను. విండోస్ మీద ఉచితంగా, బటన్లతో పని జరగాలనుకుంటే పీడీఎఫ్24 క్రియేటర్ చాలు.

ఐలవ్‌పీడీఎఫ్, స్మాల్‌పీడీఎఫ్ వంటి ఆన్‌లైన్ సేవల్లో పీడీఎఫ్ నుంచి జేపీజీకి మార్చే చోట పేజీని బొమ్మగా మార్చడం, లోపలి బొమ్మలను తీయడం అని రెండు దారులు ఉంటాయి. తొందరలో మొదటిది నొక్కితే వచ్చేది పేజీ ఫొటో మాత్రమే. ఆహ్వాన పత్రికకు, కరపత్రానికి ఇవి సరిపోతాయి గానీ, ఆధార్ కార్డులూ భూమి పత్రాలూ ఉన్న ఫైళ్లను మరొకరి సర్వరుకు ఎక్కించడం మంచిది కాదు.

ఏ సాఫ్ట్‌వేరూ నేరుగా తీయలేనివీ ఉన్నాయి. పటాలు, గ్రాఫులు చాలావరకు గీతలుగా ఉంటాయి, బొమ్మలుగా కాదు. వాటిని గీతల బొమ్మలు దిద్దే ఇంక్‌స్కేప్‌లో తెరిచి, గీతలను గీతలుగానే ఉంచే ఎస్‌వీజీ ఫైలుగా దాచుకోవాలి. కొన్ని పీడీఎఫ్‌లలో ఒకే ఫొటో సన్నని పట్టీలుగా తెగి ఉంటుంది. అప్పుడు పాప్లర్‌లోని పీడీఎఫ్‌టుపీపీఎంతో ఆ పేజీని 300 సాంద్రతతో గీయించి కత్తిరించుకోవడమే మార్గం. పాత పుస్తకాలను ఆన్‌లైన్‌లో ఉంచే ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోని పాత తెలుగు పత్రికలది మరో చిక్కు. అక్కడి పీడీఎఫ్‌లలో చాలావాటిని పరిమాణం తగ్గించడానికి అక్షరాల పొర, నేపథ్యపు పొర అని విడదీసి కుదిస్తారు; బొమ్మలు తీస్తే మసక నేపథ్యం ఒకటి, నలుపు అచ్చు ఒకటి వస్తాయి. ఆ పుస్తకం పేజీలోనే జేపీజీ 2000 బొమ్మల జిప్ ఫైలు ఉంటే, పీడీఎఫ్‌ను పక్కనపెట్టి దాన్నే దించుకోవాలి.

పీడీఎఫ్‌ఇమేజెస్‌ను మనం బయటికి పంపే ఫైళ్ల మీద కూడా నడిపి చూడటం అవసరం. ఫొటోలోని సెల్ నంబరు మీద నల్ల పెట్టె గీసి పీడీఎఫ్ చేసినా, అడుగున ఉన్న బొమ్మ మారకపోతే పీడీఎఫ్‌ఇమేజెస్ ఆ నంబరుతో సహా బయటికి తెస్తుంది; వర్డ్‌లో కత్తిరించామనుకున్న అంచులు కూడా ఒక్కోసారి పూర్తిగా లోపలే ఉంటాయి.